కాలం జల్లెడ పట్టలేదు

పాత సినిమాల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒక వాదం సిద్ధంగా ఉంటుంది. మంచివైతే మిగిలేవి, మిగల్లేదంటే వాటిలో అంత సరుకు లేనట్టే. కాలమే జల్లెడ పట్టి గింజను నిలిపి పొట్టును వదిలేసింది. సినిమాని ప్రేమించేవాళ్లు, సినిమా చరిత్ర రాసేవాళ్లు కూడా ఈ మాటను తడుముకోకుండా అంటారు. మూకీల నాటి కాలేజీ హాస్యచిత్రాల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదానికి ఇంకాస్త ధైర్యం వస్తుంది. కొత్తగా చేరిన అమాయకపు కుర్రాడు, వాణ్ని ఏడిపించే సీనియర్లు, ఒక ఫుట్‌బాల్ మ్యాచి, ఆఖరి నిమిషంలో గెలుపు, అమ్మాయి చిరునవ్వు. డజన్లకొద్దీ సినిమాలది ఇదే అచ్చు. ఇలాంటివి పోతే లోకానికి వచ్చిన నష్టమేమిటి, వాటి రీళ్ల కోసం వేలంపాటల్లో డబ్బు పోసేవాళ్లకు వేరే పనిలేదా అని అడుగుతారు.

ఈ వాదం తప్పు. ఎవరి అభిరుచి వారిది అని వదిలేయడానికి ఇది అభిరుచికి సంబంధించిన తప్పు కూడా కాదు. ఏ సినిమా ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు పోయిందో ఇవాళ లెక్కలతో సహా తెలుసు. ఆ లెక్కలు చూశాక కూడా జల్లెడ అనే మాట వాడటం పోయినవాటికి చేసే రెండో అన్యాయం.

నేనుండేది లీక్స్‌లిప్‌లో. డబ్లిన్‌కు పడమరగా, రై నది వచ్చి లిఫీలో కలిసే చోట ఉన్న చిన్న ఊరు. ఆర్థర్ గిన్నెస్ డబ్లిన్ వెళ్లి పేరు తెచ్చుకోకముందు 1755లో బీరు కాచడం మొదలుపెట్టింది ఇక్కడే. ఇప్పుడు ఊరి పేరు చెబితే ఇంటెల్ గుర్తొస్తుంది. 2023 సెప్టెంబరులో ఫ్యాబ్ 34 ఉత్పత్తి మొదలైంది కూడా ఇక్కడే. ఆ ఉద్యోగాల కోసం, పక్కనే ఉన్న మేనూత్ విశ్వవిద్యాలయంలో చదువు కోసం వచ్చిన తెలుగువాళ్లం శనివారాలు ఎవరో ఒకరింట్లో భోజనాలకు కలుస్తుంటాం. నేను పోగుచేసే పాత సినిమా రీళ్ల సంగతి వచ్చిందంటే మాట ఎప్పుడూ ఒకే దారిన నడుస్తుంది. “అన్నా, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, ఈ వెనిగర్ కంపు డబ్బాలు ఇంట్లో ఎందుకు?” అని ఒకరు. “ముఖ్యమైనవైతే ప్రభుత్వాలే దాస్తాయండీ, మనబోటివాళ్లం ఏం చేస్తాం” అని ఇంకొకరు. “ఇప్పుడు ఏఐ ఉంది, పోయిన సీన్లు అదే తీసిపెడుతుంది” అని చిప్పుల మధ్య పనిచేసే తమ్ముడొకడు. అందరూ తెలివైనవాళ్లు, నాకు కావలసినవాళ్లు. ఈ జవాబు వాళ్లకే.

ముందు జల్లెడ సంగతి. 1927లో హాలీవుడ్ నుంచి వచ్చిన మూడు కాలేజీ సినిమాలు తీసుకుందాం. ఎం.జి.ఎం. మేరియన్ డేవీస్‌తో ‘ద ఫెయిర్ కో-ఎడ్’ తీసింది. అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు కథ. పారమౌంట్ లూయిస్ బ్రూక్స్‌తో ‘రోల్డ్ స్టాకింగ్స్’ తీసింది. బస్టర్ కీటన్ ‘కాలేజ్’ తీశాడు. మొదటిది ఉంది, మూడోది ఉంది, రెండోది లేదు. రెండేళ్లు తిరిగేసరికి ఆ లూయిస్ బ్రూక్సే బెర్లిన్ వెళ్లి ‘పండోరాస్ బాక్స్’లో నటించి ప్రపంచ సినిమాలో చెరగని ముఖమైంది. ఆమె కనిపించే పది అడుగుల ఫిల్ము దొరికినా పండగ చేసుకునేవాళ్లు ఇవాళ్టికీ దేశదేశాల్లో ఉన్నారు. విలువను బట్టి ఏరే జల్లెడే ఉండుంటే ‘రోల్డ్ స్టాకింగ్స్’ దాన్ని దాటి కిందపడేది కాదు. తేడా అంతా గోదాముల్లో ఉంది. ఎం.జి.ఎం. తన పాత మూకీలను దాచుకున్న సంస్థ, పారమౌంట్ అంత శ్రద్ధ పెట్టని సంస్థ. ‘బ్రౌన్ ఆఫ్ హార్వర్డ్’ అని 1926లో విలియం హెయిన్స్ నటించిన మరో కాలేజీ చిత్రం ఇవాళ హాయిగా చూడొచ్చు. అదీ ఎం.జి.ఎం. వాళ్లదే.

హెరాల్డ్ లాయిడ్ 1925లో చేసిన ‘ద ఫ్రెష్‌మన్’ ఈ కోవకంతటికీ తలమానికం. దాని గొప్పతనం దాన్ని కాపాడలేదు. లాయిడ్ తన సినిమాల హక్కులూ నెగెటివ్‌లూ తన చేతిలోనే ఉంచుకున్నాడు, అది కాపాడింది. అతని ఇంటి ఖజానాలోనే 1943లో నిప్పంటుకుని తొలినాటి చిన్న చిత్రాలు ఎన్నో పోయాయి. ఆ మంట డబ్బాల మీద పేర్లు చదివి అంటుకోలేదు. 1937 జులైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ గోదాము తగలబడి ఆ సంస్థ మూకీల్లో చాలాభాగం ఒక్కసారిగా బూడిదైంది. యూనివర్సల్ నిప్పు కోసం కూడా ఆగలేదు. 1948లో తన దగ్గర మిగిలిన మూకీల నెగెటివ్‌లను కావాలనే నాశనం చేసింది. తేలిగ్గా అంటుకునే ఆనాటి నైట్రేట్ ఫిల్మును నిలవ ఉంచడం ఖర్చు, పైగా ప్రమాదం. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మగా ఉన్న వెండిని కరిగించి తీస్తే నాలుగు డబ్బులు వస్తాయి. వాళ్ల లెక్క అంతవరకే.

ఆ యూనివర్సల్ సంస్థే 1926 నుంచి 1929 దాకా ‘ద కలీజియన్స్’ అనే వరసను తీసింది. ఒక్కోటి రెండు రీళ్లు, మొత్తం 44 చిత్రాలు. కాల్‌ఫర్డ్ అనే ఊహా కళాశాలలో చేరిన పిల్లలు ఏడాదికేడాది ఎదుగుతూ పట్టా దాకా వెళతారు. జార్జ్ లూయిస్, డొరొతీ గలివర్ జంట. కథలు స్టూడియో అధిపతి కార్ల్ లేమ్లీ కొడుకువి. అప్పటికింకా టీవీ లేదు. మళ్లీ మళ్లీ అవే పాత్రల కోసం ప్రేక్షకులు ఎదురుచూసే అలవాటును ఇలాంటి వరసలే చేశాయి. ఇవాళ మనం ధారావాహిక అని పిలుచుకునే దానికి ఇంత దగ్గరి పూర్వరూపాన్ని తీసినవాళ్లే చెరిపేశారు. వాటిలో ఇప్పుడు దొరికే కొన్నీ ఇళ్లలో వేసుకోవడానికి అమ్మిన, అద్దెకిచ్చిన 16 మిల్లీమీటర్ల కాపీల పుణ్యం.

అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం డేవిడ్ పియర్స్ చేసిన పరిశీలన 2013లో వచ్చింది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో విడుదలైన పూర్తి నిడివి మూకీలు 10,919. మొదట విడుదలైన రూపంలో నిండుగా ఉన్నవి వందకు 14. మరో 11 నిండుగానే ఉన్నా అవి పరాయి దేశాలకు పంపిన కూర్పులో, 28 లేక 16 మిల్లీమీటర్ల చిన్న ఫిల్ముల్లోనో ఉన్నాయి. ఓ ఐదు తునకలుగా ఉన్నాయి. మిగతా 70 లేవు. ఆ పదకొండు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వెయ్యికి పైగా సినిమాలవి. తీసిన సంస్థల గోదాముల్లో అవి లేవు. ఎక్కడో ఒక దేశంలో తిరిగి పంపని ప్రింటు, ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజుకు కొన్న రీలు వాటిని బతికించాయి.

ఈ ఇంటి రీళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే మొత్తం వాదం వీటి మీదే నిలబడుతుంది. 1922 చివర్లో ఫ్రాన్స్‌లో పాతే సంస్థ ‘పాతే బేబీ’ అనే చిన్న ప్రొజెక్టర్ తెచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో కోడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చింది. ఆ వెంటనే ‘కోడాస్కోప్’ అద్దె గ్రంథాలయాలు మొదలయ్యాయి; పుస్తకం తెచ్చుకున్నట్టు సినిమా తెచ్చుకుని ఇంట్లో గోడమీద వేసుకునేవారు. ఇవి భగ్గుమని అంటుకునే నైట్రేట్ కాదు, ఇళ్లలో వాడటానికి చేసిన సేఫ్టీ ఫిల్ము. ఎక్కువగా కొన్నది, అద్దెకు తెచ్చుకున్నది హాస్యచిత్రాలే. మహాకావ్యాలను ఎవరూ భోజనాలయ్యాక పిల్లలకు వేసి చూపించరు. అందుకే స్టూడియోలు చిన్నచూపు చూసిన సరుకు అటకల మీద బతికింది.

పాతే వాళ్ల ఫిల్మును చేతిలోకి తీసుకుంటే మొదట చిత్రంగా ఉంటుంది. వెడల్పు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. మామూలు ఫిల్ముకు ఉన్నట్టు అంచుల్లో రంధ్రాలు ఉండవు. బొమ్మకూ బొమ్మకూ నడుమ, సరిగ్గా మధ్యలో ఒక్క రంధ్రం. దాంతో బొమ్మ అంచు నుంచి అంచు దాకా పరుచుకుంటుంది. పాత్రల మాటలు రాసిన కార్డు వచ్చేచోట అంచున చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు తగలగానే ప్రొజెక్టర్ కొన్ని సెకన్లు ఆ బొమ్మ మీదే నిలిచి, చదవడానికి సమయమిచ్చి మళ్లీ కదులుతుంది. ఒకటి రెండు బొమ్మలతో పని అయిపోతుంది, ఫిల్ము ఆదా అవుతుంది. ఇప్పుడు ఇదే రీలును సంగతి తెలియని మనిషి స్కానర్‌లో పెడితే స్కానర్ గాటును గుర్తించదు. కార్డు రెప్పపాటులో వచ్చిపోతుంది. కుర్రాడు ఏమన్నాడో, అమ్మాయి ఎందుకు నవ్విందో చూసేవాడికి అందదు. పదహారు బొమ్మల వేగంతో తీసినదాన్ని ఇరవై నాలుగు వేగంతో వదిలితే నడిచే మనుషులు బొమ్మల్లా గెంతుతారు. పాత మూకీలంటే పిచ్చి గెంతులు అనే అభిప్రాయం సగం ఇలా పుట్టిందే.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయనే మాటకు ఇదే నా మొదటి జవాబు. అక్కడ ఉన్నదల్లా ఎవరో ఒకరు దాచిన రీలు నుంచి వచ్చిందే; ఆకాశం నుంచి ఊడిపడింది ఏదీ లేదు. సరిగ్గా కనిపించేది ఏదైనా ఉందంటే గాటు ఎక్కడుందో చూసి, కార్డును నిలబెట్టి, వేగం సరిచేసిన ఓ సేకర్త చేతి పని అది. నా దగ్గర ఉన్న 16 మిల్లీమీటర్ల రీళ్లలో ఒకదానికి మొదటి అడుగులు లేవు, పేరున్న కార్డు తెగిపోయింది. అలాంటిదాన్ని గుర్తుపట్టడానికి దారులున్నాయి. కోడాక్ ఫిల్ము అంచున చిన్న వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తులుంటాయి. ఆ గుర్తుల వరసను బట్టి ఫిల్ము తయారైన సంవత్సరం తెలుస్తుంది, ఇరవై ఏళ్లకోసారి అవే గుర్తులు తిరిగి వస్తాయి కాబట్టి ముందుదా తర్వాతదా అని తేల్చుకోవాలి. ఆ తర్వాత భూతద్దంతో గోడమీది జెండాల్లో అక్షరాలు, కారు మోడలు, స్టేడియం కమానులు. ఇలా రాత్రిళ్లు కూర్చుని చూసేవాళ్లే లేకపోతే ఆ రీలు పేరులేని ముక్కగా చెత్తబుట్టకు పోతుంది.

అసలు ఒక బాలుడి సరదా ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి కెవిన్ బ్రౌన్‌లో చాలు. ఇంగ్లండ్‌లో బడికి వెళ్లే వయసులో ఈ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల రీళ్లు కొనేవాడు. అలా 1954లో ఆబెల్ గాన్స్ తీసిన ‘నెపోలియన్’ తాలూకు ముక్కలు చేతికొచ్చాయి. వాటిని పట్టుకుని దశాబ్దాలపాటు వెతికి, అతికి, 1980లో లండన్‌లో ఆ మహాచిత్రాన్ని వాద్యగోష్ఠితో మళ్లీ ప్రదర్శింపజేశాడు. 2010లో ఆస్కార్ సంస్థ అతన్ని గౌరవ పురస్కారంతో సత్కరించింది. లారెల్, హార్డీల ‘ద బ్యాటిల్ ఆఫ్ ద సెంచురీ’ రెండో రీలు 2015లో దొరికింది కూడా ఓ సేకర్త వదిలి వెళ్లిన 16 మిల్లీమీటర్ల డబ్బాల్లోనే. ఈ మనుషులను వేరే పనిలేనివాళ్లు అనడానికి నోరెలా వస్తుంది?

సరే, కాపాడారు, కానీ కాపాడదగినదా అంటారు. ‘ద ఫ్రెష్‌మన్’లో ఓ ఘట్టం ఉంది. హెరాల్డ్ ల్యాంబ్ అనే కుర్రాడు డబ్బు కూడబెట్టుకుని టేట్ విశ్వవిద్యాలయంలో చేరతాడు. కాలేజీ అంటే ఏమిటో అతను నేర్చుకుంది సినిమా చూసి. అందులోని హీరోలాగే కరచాలనానికి ముందు చిన్న గంతు వేస్తాడు. అందరూ తనను ఇష్టపడుతున్నారనుకుని డబ్బంతా ఖర్చుపెట్టి పెద్ద విందు ఇస్తాడు. కొత్త సూటు కుట్టే దర్జీకి కళ్లు తిరిగే జబ్బు. సూటు టాకాలు వేసిన దశలోనే మిగిలిపోయింది. దర్జీ సూదీ దారంతో విందుకే వచ్చి తెర వెనక దాక్కుంటాడు. కుర్రాడు ఒక పక్క నాట్యం చేస్తుంటే ఇంకో పక్క కుట్లు ఊడిపోతుంటాయి. చెయ్యి ఊడుతుంది, దర్జీ తెర సందులోంచి అందుకుని కుడతాడు. ఇంకోచోట ఊడుతుంది. హాలంతా నవ్వులు. తర్వాత కాసేపటికే, ఇన్నాళ్లూ అందరూ తనను చూసి నవ్వుకుంటున్నారని అతనికి తెలుస్తుంది. అమ్మాయి ఒళ్లో తలపెట్టి ఏడుస్తాడు.

ఇది పొట్టా? కొత్త చోట అందరిలో ఒకడు కావడానికి ఓ పేద కుర్రాడు ఎంత చెల్లించాడో దీనికంటే స్పష్టంగా చూపిన దృశ్యం నాకు తెలియదు. సెప్టెంబరులో విమానం దిగి, డబ్లిన్ బస్సుల్లో కొత్త జాకెట్లతో కనిపించే మన పిల్లల ముఖాలు చూడండి. కాలేజీ అంటే ఏమిటో వాళ్లూ సినిమాలు చూసే నేర్చుకున్నారు. 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చాక ఇంజినీరింగ్ కాలేజీల్లో స్నేహాల తీరు, మాట తీరు మారిపోవడం మనం కళ్లారా చూశాం. తెర మీది కాలేజీకి, నేల మీది కాలేజీకి మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1920ల చిత్రాలే ఆధారం.

ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క అమెరికాలోనే జరగలేదు. జపాన్‌లో యాసుజిరో ఓజు, తర్వాత ‘టోక్యో స్టోరీ’ తీసిన మహానుభావుడు, మొదట్లో తీసినవాటిలో కాలేజీ హాస్యచిత్రాలు ఎన్నో ఉన్నాయి. 1930లో తీసిన దానిలో ఓ విద్యార్థి పరీక్షకు కాపీ చీటీలకు బదులు తెల్ల చొక్కా వీపు మీద జవాబులన్నీ రాసుకుంటాడు. ఇంటావిడ అది మాసిన చొక్కా అనుకుని చాకలికి వేసేస్తుంది. వాడు తప్పుతాడు. పాసైన స్నేహితులకు ఉద్యోగాలు దొరకవు. తప్పినవాడు కాలేజీలోనే హాయిగా ఉంటాడు. ఆర్థిక మాంద్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ చొక్కా చెప్పినంత చెప్పవు. అంతకు ముందు ఏడాది తీసిన ‘పట్టభద్రుణ్నయ్యాను, కానీ...’ అన్న చిత్రంలో అద్దె గది గోడకు లాయిడ్ సినిమా ‘స్పీడీ’ పోస్టరు కనిపిస్తుంది. ఆ చిత్రంలో ఇవాళ మిగిలింది పది నిమిషాల పైచిలుకే. ఓజు అంతటివాడి సినిమానే నిలపని జల్లెడ ఏ గింజను ఏరిందని చెప్పుకుందాం?

కీటన్ ‘కాలేజ్’ ఆఖరి క్షణాలు కూడా చూడండి. ప్రేమ గెలిచింది, పెళ్లయింది. వెంటనే పిల్లలతో నిండిన ఇల్లు. వెంటనే ముసలి దంపతులు చిరాకు పడుతూ. వెంటనే రెండు సమాధి రాళ్లు. నవ్వుతున్న ప్రేక్షకుణ్ని ఇన్ని తక్కువ క్షణాల్లో అంత దూరం తీసుకెళ్లిన ధైర్యం ఏ గంభీర చిత్రంలోనూ నాకు కనిపించలేదు. అదే సినిమాలో కీటన్ ముఖానికి నల్లరంగు పూసుకుని హోటల్ సర్వరుగా నటించిన ఘట్టమూ ఉంది. అది సిగ్గుపడాల్సిన ఘట్టం. దాన్ని కత్తిరించడం వల్ల ఆనాటి అమెరికా మారదు. ఆ సమాజం దేన్ని చూసి నవ్విందో చెప్పే సాక్ష్యం మాత్రం పోతుంది. సాక్ష్యం కావాలి.

ఇక మన ఇంటి సంగతి. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాద్ వచ్చి నిజాం అండతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. అతనికి ఆ ఊరు కొత్త కాదు, అంతకు ముందు అక్కడే చిత్రకళ బోధించాడు. కలకత్తాలో 1921లో వచ్చిన ‘బిలేత్ ఫెరత్’కి కథ రాసి నటించాడు, విదేశాలు తిరిగొచ్చి స్వదేశంలో ఇమడలేని యువకుడి మీద హాస్యం అది. లోటస్ కంపెనీ ‘ఇంద్రజిత్’, ‘యయాతి’, ‘హరగౌరి’ లాంటి పురాణ కథలతోపాటు 1922లో ‘ద లేడీ టీచర్’, 1923లో ‘ద మ్యారేజ్ టానిక్’ తీసింది. 1924లో ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రం ప్రదర్శించినందుకు నిజాంకు కోపం వచ్చింది. ముస్లిం యువరాణి హిందువును ప్రేమించిన కథ. గంగూలీని ఊరు వదిలి పొమ్మన్నారు. అంతటితో లోటస్ కథ ముగిసింది. 1975 సంవత్సరానికి గంగూలీకి ఫాల్కే అవార్డు వచ్చింది. హైదరాబాద్‌లో తీసిన ఆ చిత్రాల్లో చూడటానికి ఒక్కటీ లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది 1918లో. నాలుగేళ్లకు అదే ఊళ్లో టీచరమ్మ పేరు మీద సినిమా. అప్పటి హైదరాబాద్ చదువుకున్న ఆడదాన్ని ఎలా చూసింది? గౌరవించిందా, వెక్కిరించిందా, రెండూ చేసిందా? ఆమె చీర ఎలా కట్టింది, తరగతి గది ఎలా ఉంది, ఎవరు ఎవరికి నమస్కారం పెట్టారు? 1955లో ‘మిస్సమ్మ’ వచ్చి ఉపాధ్యాయుల హాస్యాన్ని తెలుగువాళ్ల ఇంటి సొత్తు చేసింది. దాని మూలమూ ‘మాన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ రచనే. బెంగాలీ హాస్యం హైదరాబాద్‌లో ఎప్పుడో దిగిందన్న సంగతికీ ‘మిస్సమ్మ’కీ ఏమైనా బంధుత్వం ఉందా అని ఆలోచించాలన్నా రీలు ఉండాలి. పేరు ఒక్కటే మిగిలినచోట పరిశోధన ఉండదు. ‘ద లేడీ టీచర్’ విలువ లేనిది కాబట్టి పోయింది అనేవాళ్లు దాన్ని చూశారా? చూడకుండా విలువ కట్టే హక్కు ఎవరిచ్చారు?

రఘుపతి వెంకయ్యగారిని తెలుగు సినిమా పితామహుడంటాం. ఆయన పేరిట 1980 నుంచి ప్రభుత్వం అవార్డు ఇచ్చింది. ఆయనా, కొడుకు ప్రకాష్ కలిసి మద్రాసులో స్టార్ ఆఫ్ ద ఈస్ట్ పెట్టి తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో ఒక్క అడుగు ఫిల్ము చూపించలేం. దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే ఏదో ఒక రూపంలో మిగిలినవి ముప్ఫై దాటవు. దక్షిణాదివాటిలో నిండుగా ఉన్నది ‘మార్తాండవర్మ’. 1933లో విడుదల కాగానే దాని మూల నవల హక్కులున్న ప్రచురణకర్తలు కోర్టుకు వెళ్లారు; ప్రింటు ప్రదర్శనల నుంచి తప్పుకుని తిరువనంతపురంలో వాళ్ల పుస్తకాల దుకాణంలో పడి ఉంది. 1974లో అక్కడి నుంచి పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది. అంటే మన తరానికి ఆ సినిమాను ఇచ్చింది ఓ కాపీరైటు తగాదా. హాళ్లలో ఆడి జనం మెచ్చుకున్నవి అరిగి, చిరిగి, వెండికి అమ్ముడైపోయాయి. ఆడటం ఆగిపోయినది బతికింది. బెంగాల్ మూకీల్లో ఇవాళ చూడగలిగిన ఒకటి రెండింట్లో ‘జమాయ్ బాబు’ ఒకటి, 1931 నాటిది. పల్లెటూరి అల్లుడు కలకత్తా వచ్చి పడే పాట్లు, అంతే కథ. ఆ నవ్వుల చిత్రమే ఇవాళ ఆనాటి కలకత్తా వీధులను మన కళ్లముందు పెడుతోంది.

ప్రభుత్వాలు దాస్తాయి అనేవాళ్లకు పి.కె. నాయర్ జీవితం జవాబు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికి మూకీల యుగం ముగిసి ముప్ఫై ఏళ్లు. దాని కోసం నాయర్ ఊరూరా తిరిగి ఇళ్ల తలుపులు తట్టి సినిమాలు ఏరుకొచ్చాడు. ప్రభుత్వ జీతగాడైనా ఆయన చేసిన పని సేకర్తల పనే. ఆయన వెళ్లేసరికే తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ లేదు. ఆ తర్వాత 2003 జనవరిలో పుణెలోని నైట్రేట్ ఖజానాలో నిప్పంటుకుని దాచినవీ ఎన్నో పోయాయి. ఎంత పెద్ద భవనమైనా ఒకచోట ఉన్న ఒకే కాపీ ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే. నాలుగు దేశాల్లో నలభై ఇళ్లలో ఉన్న కాపీలను ఏ ఒక్క మంటా కాల్చలేదు.

సేకర్తలను దొంగల్లా చూసిన రోజులూ ఉన్నాయి. 1974లో అమెరికాలో ఎఫ్.బి.ఐ. నటుడు రాడీ మెక్‌డోవల్ ఇంటి మీద పడి 16 మిల్లీమీటర్ల ప్రింట్లు పట్టుకుపోయింది. అలాంటి భయం వల్ల ఎంతోమంది తమ దగ్గర ఏముందో బయటికి చెప్పలేదు. చెప్పకుండానే పోయారు, పిల్లలు డబ్బాలు పారేశారు. మూకీల విషయంలో ఆ భయానికి ఇక కారణం లేదు. ‘ద ఫ్రెష్‌మన్’ హక్కులు అమెరికాలో 2021 జనవరి 1తో తీరిపోయాయి, ‘కాలేజ్’వి 2023తో. భారత చట్టంలో సినిమాకు అరవై ఏళ్లే. అయినా రీళ్లను బీరువాలో పెట్టి, లోకంలో ఇది నా ఒక్కడి దగ్గరే ఉందని మురిసిపోయే సేకర్తలు ఉన్నారు. వాళ్లను నేను సమర్థించను. ఎవరికీ చూపని రీలు కాలిపోయిన రీలుతో సమానం. జాబితా బయట పెట్టాలి, అడిగినవాళ్లకు స్కాన్ చేయనివ్వాలి, తన తర్వాత ఎక్కడికి చేరాలో కాగితం మీద రాసిపెట్టాలి.

ఇక ఏఐ. మా ఊళ్లో తయారయ్యే చిప్పుల మీద నాకు గౌరవం ఉంది. గీతలు పోగొట్టడానికి, వణుకు ఆపడానికి, చెరిగిన బొమ్మను పక్క బొమ్మతో పూడ్చడానికి వాటి సాయం నిజంగా గొప్పది. కానీ ఆ సాయానికి పక్క బొమ్మ ఉండాలి. లేని రీలును తయారు చేయమంటే యంత్రం 1925 నాటి కుర్రాళ్లను పోలిన బొమ్మలు ఇస్తుంది. స్టేడియంలో నిజంగా కూర్చున్న జనం, నిజంగా వీచిన గాలి, ‘కాలేజ్’లో కీటన్ బదులు కర్రతో గెంతిన లీ బార్న్స్, 1924 పారిస్ ఒలింపిక్స్ విజేత, ఇవన్నీ జరిగాయి, వాటి వెలుగు ఫిల్ము మీద పడింది. పోలిక ఎంత చక్కగా ఉన్నా జరిగినదానికి దస్తావేజు కాదు. నకిలీ దస్తావేజుతో భూమి హక్కు రాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఐర్లండ్‌కూ ఇదే గాయం ఉంది. లీక్స్‌లిప్ నుంచి రైలెక్కి డబ్లిన్‌లో దిగి హెన్రీ వీధి దాటితే మేరీ వీధి వస్తుంది. జేమ్స్ జాయిస్ 1909 డిసెంబరులో వోల్టా అనే సినిమా హాలు తెరిచింది అక్కడే. హెన్రీ వీధిలో 1916 వసంతంలో ఫిల్మ్ కంపెనీ ఆఫ్ ఐర్లండ్ ఆఫీసు పెట్టింది. వారాలు గడవకముందే ఈస్టర్ తిరుగుబాటు మంటల్లో ఆఫీసు కాలింది. ఆ వేసవిలో మళ్లీ నిలదొక్కుకుని చిన్న చిన్న హాస్యచిత్రాలు తీశారు. ఇవాళ ఐర్లండ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో గర్వంగా చూపించేది 1918 నాటి ‘నాక్‌నగో’, 1920 నాటి ‘విల్లీ రైలీ’. దేశం గర్వపడే నవలల నుంచి తీసినవి. 1916 నాటి నవ్వులు లేవు. ఊరు కాలిన ఆ ఏడాది డబ్లిన్ జనం దేన్ని చూసి నవ్వారో తెలుసుకోవాలని నాకెంతో ఉంది.

మన తెలుగు ఇళ్లలో, పాత జమీందారీ భవంతుల్లో, మూతపడిన టూరింగ్ టాకీసుల గదుల్లో, హైదరాబాద్ దేవిడీల అటకల మీద ఇంకా తెరవని డబ్బాలు ఉండొచ్చు. కనిపిస్తే దయచేసి పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి 1950కి ముందుదైతే నైట్రేట్ అనుకోండి. అగ్గిపుల్ల, సిగరెట్టు దగ్గరికి రానివ్వకండి, అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. వెనిగర్ వాసన వస్తే ఆ డబ్బాను మిగతావాటికి దూరంగా, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి, ఆ జబ్బు పక్క రీళ్లకు పాకుతుంది. బలవంతంగా విప్పకండి. డబ్బా మీద రాతలన్నీ, ఉర్దూలో ఉన్నా, ఫొటో తీయండి. పుణె ఆర్కైవ్‌కు గానీ ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు గానీ రాయండి. ఐర్లండ్‌లో ఉన్నవాళ్లు డబ్లిన్ టెంపుల్ బార్‌లోని ఐరిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ను అడగొచ్చు. లోపల ఉన్నది పురాణమా, కాలేజీ కుర్రాళ్ల అల్లరా అని చూసి మీరు ఆగిపోవద్దు. ఏదైనా సరే, పంపండి.